సూది చేసిన పాపమేనా?

2016 జూన్. మృగశిర కార్తె వచ్చి పది పన్నెండు రోజులైంది. సికింద్రాబాద్ చిలకలగూడలో మా పెద్దమ్మ వాళ్లింటి ముందు ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలు నిలబడ్డారు. చేతిలో చీటీల కట్ట. 'మూడేళ్లలోపు పిల్లలున్నారామ్మా?' అని అడిగారు.

ఉంది. మా అన్న మనవరాలు. ఏడాది నిండి రెండు నెలలైంది. తల్లితో కలిసి సెలవులకు వచ్చింది.

'బస్తీలో శిబిరం పెట్టాం. పోలియో సూది వేయిస్తాం, తీసుకురండి' అన్నారు వాళ్లు.

పెద్దమ్మ ముఖం మారిపోయింది. 'పోలియోకు చుక్కలేస్తరు గని సూదేంది? మా ఇంట్ల ఏ పిల్లకూ సూది వద్దు' అని గడపకు అడ్డంగా నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. ఎవరేం చెప్పినా వినలేదు.

ఆమెను తప్పు పట్టడానికి లేదు. లోపల గదిలో మంచం పక్కన గోడకు ఆనించిన క్యాలిపర్ ఉంది. అది మా అన్నది. ఆ క్యాలిపర్‌కూ, సూదికీ మధ్య యాభై ఏళ్ల కథ ఉంది.

1966 వానాకాలం. అన్నకు రెండేళ్లు. పెదనాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. పిల్లాడికి జ్వరం వచ్చింది. రెండో రోజుకీ తగ్గలేదు. పెద్దమ్మ చంకనేసుకుని వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కుడి తుంటికి సూది వేశాడు. తెల్లారేసరికి జ్వరం తగ్గింది. మరునాడు పొద్దున దించితే పిల్లాడు నిలబడలేదు. కుడికాలు గుడ్డపీలికలా వేలాడింది.

'సూది పడ్డ కాలే పడిపోయింది. నేను తీసుకపోకపోతే నా కొడుకు నడిచెటోడు' అని పెద్దమ్మ ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఈ మాట మీ ఇళ్లలోనూ, మీ వీధుల్లోనూ ఎవరో ఒకరి నోట వినే ఉంటారు. మన రాష్ట్రాల్లో ఆ తరం తల్లులు ఎంతోమంది ఇదే కథ చెబుతారు. జ్వరం, సూది, చచ్చుబడిన కాలు.

ఇందులో నిజమెంత? అది తెలియాలంటే ముందు మన ఒంట్లో కండరాన్ని కదిలించేది ఎవరో తెలియాలి.

స్టేషన్ మాస్టరు లేని స్టేషన్

మీరిప్పుడు ఈ పేజీ తిప్పాలనుకున్నారు. వేలు కదిలింది. అనుకోవడానికీ, కదలడానికీ మధ్య రెండు మెట్లున్నాయి. మొదటిది మెదడు. రెండోది వెన్నుపాము.

సికింద్రాబాద్ వాళ్లకు రైలు భాషలో చెబితే తేలిగ్గా ఉంటుంది. మెదడు రైల్ నిలయం లాంటిది. ఆజ్ఞలన్నీ అక్కడే పుడతాయి. కానీ రైల్ నిలయం అధికారి వచ్చి బండికి జెండా ఊపడు. ఆ పని స్టేషన్ మాస్టరుది. మన వెన్నుపాములో ముందువైపు అలాంటి స్టేషన్ మాస్టర్లు వరసగా కూర్చుని ఉంటారు. వాటినే చాలక నాడీకణాలు అంటారు. డాక్టర్ల భాషలో మోటార్ న్యూరాన్లు.

కణం చూస్తే మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాని తోక మాత్రం చాలా పొడవు. నడుము దగ్గర వెన్నుపాములో ఉన్న కణం నుంచి బయల్దేరిన తీగ పాదం దాకా వెళుతుంది. పెద్దవాళ్లలో దాదాపు మీటరు పొడవు! ఆ తీగ చివర కొమ్మలుగా చీలి కండరపు పోగులను తాకుతుంది. పైనుంచి సంకేతం రాగానే ఆ చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిమ్ముతుంది. పోగు ముడుచుకుంటుంది. కాలు కదులుతుంది.

ఒక్కో కణం కింద ఎన్ని పోగులుంటాయన్నది పనినిబట్టి ఉంటుంది. కంటిగుడ్డును తిప్పే కండరాల్లో ఒక కణానికి పదో, ఇంకా తక్కువో. అక్కడ సున్నితమైన పని జరగాలి. అదే పిక్క కండరంలో ఒక్క కణం కింద వెయ్యికి పైగా పోగులు ఉంటాయి. అక్కడ కావలసింది బలం.

ఈ కణాలకు ఒక పెద్ద లోటుంది. చర్మం గీరుకుపోతే కొత్త చర్మం వస్తుంది. చాలక కణం చనిపోతే దాని స్థానంలో మరొకటి పుట్టదు. స్టేషన్ మాస్టరు పోతే ఆ పోస్టు శాశ్వతంగా ఖాళీ. రైల్ నిలయం నుంచి ఎన్ని ఫోన్లు చేసినా ఎత్తేవాడుండడు. కండరం బాగానే ఉంటుంది, మెదడూ బాగానే ఉంటుంది, మధ్యలో కబురు అందించేవాడే ఉండడు. పనిలేని కండరం క్రమంగా ఎండిపోతుంది.

పోలియో వైరస్ చేసే పని అచ్చంగా ఇదే. పోలియో అన్న పేరులోనే ఆ సంగతి ఉంది. పోలియోమైలైటిస్ అనే పూర్తి పేరు గ్రీకు మాటల నుంచి వచ్చింది. బూడిదరంగు మజ్జకు వచ్చిన వాపు అని అర్థం. ఆ బూడిదరంగు భాగంలోనే చాలక కణాలుంటాయి.

చిత్రమేమిటంటే, ఈ వైరస్ వాటి పక్కనున్న జ్ఞాన నాడుల జోలికి సాధారణంగా పోదు. అందుకే పోలియో వచ్చిన కాలికి చీమ కుడితే తెలుస్తుంది. వేడి తెలుస్తుంది, చలి తెలుస్తుంది. కదపడం ఒక్కటే చేతకాదు. చిన్నప్పుడు అన్న నిద్రపోతుంటే వాడి అరికాలికి చక్కిలిగింతలు పెట్టేవాణ్ని. నవ్వేవాడు, తిట్టేవాడు. కాలు మాత్రం వెనక్కి తీసుకోలేకపోయేవాడు. అది ఎంత బాధో అప్పట్లో నాకు తెలియలేదు.

సూదికీ కాలికీ లంకె

ఇక పెద్దమ్మ ప్రశ్న దగ్గరికి వద్దాం.

పోలియో వైరస్ నోటి గుండా వస్తుంది. కలుషితమైన నీళ్లు, చేతులు దానికి దారి. పేగుల్లో పెరుగుతుంది. చాలామంది పిల్లల్లో కథ అక్కడితోనే ఆగిపోతుంది. వచ్చినట్టూ తెలియదు, పోయినట్టూ తెలియదు. కొందరికి నాలుగు రోజుల జ్వరం. వైరస్ సోకినవాళ్లలో సుమారు 200 మందిలో ఒక్కరికి మాత్రమే అది వెన్నుపామును చేరి అవయవాన్ని పడగొడుతుంది.

ఆ ఒక్కరు ఎవరు? దీన్ని నిర్ణయించే సంగతుల్లో సూది ఒకటని వైద్యులు 1950 ప్రాంతంలోనే గమనించారు. ఆస్ట్రేలియాలో మెక్‌క్లాస్కీ, ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ హిల్ పోలియో పిల్లల వివరాలు తీసి చూశారు. అంతకు కొన్ని వారాల ముందు ఇంజక్షన్ తీసుకున్న పిల్లల్లో, సూది పడిన చెయ్యో కాలో చచ్చుబడటం ఎక్కువగా కనిపించింది.

కారణం తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1998లో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ శాస్త్రవేత్తలు గ్రోమైయర్, విమ్మర్ ఎలుకల మీద పరీక్షించి చూపించారు. సూది కండరంలో దిగినప్పుడు అక్కడ చిన్న గాయం అవుతుంది. అప్పటికే రక్తంలో వైరస్ తిరుగుతూ ఉంటే, ఆ గాయం దగ్గర నాడిని పట్టుకుని, అదే తీగ మీదుగా పైకి ఎగబాకి వెన్నుపామును చేరుతుంది. గాయం వల్ల ఆ పాకుడు జోరందుకుంటుంది.

కాబట్టి పెద్దమ్మ అనుమానం ఉత్తదేం కాదు. చదువు లేకపోయినా ఆమె కళ్లు సరిగానే చూశాయి.

అయితే ఆమె చూడలేనిది ఇంకొకటుంది. వైరస్ సూదితో రాలేదు. అంతకు ముందే పిల్లాడి ఒంట్లో ఉంది. ఆ జ్వరమే పోలియో జ్వరం. దాన్ని అప్పుడు చూసి గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు. మామూలు జ్వరంలాగే ఉంటుంది. సూది వేయకపోయినా కాలు పోయి ఉండొచ్చు, పోకుండానూ ఉండొచ్చు. ఏ డాక్టరూ ఈ రోజు తేల్చి చెప్పలేడు. జ్వరంతో ఉన్న బిడ్డను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన తల్లి చేసింది మాత్రం తప్పు కాదు. 1966లో మన బస్తీల్లో పిల్లలకు పోలియో చుక్కలే లేవు. తప్పంటూ ఉంటే అది అక్కడుంది.

పక్కింటివాడి సాయం

అన్న కథ కాలు పడిపోవడంతో ఆగలేదు. మొదటి నెల తొడ కూడా కదిలేది కాదు. ఆరు నెలలకు తొడలో కాస్త జీవం వచ్చింది. ఏడాదికి ఎడమకాలి మీద బరువేసి గోడ పట్టుకుని నడిచాడు. 'ఎల్లమ్మ తల్లి దయ' అంది పెద్దమ్మ.

ఆ దయ ఎలా పనిచేసిందో కూడా శాస్త్రం చెబుతోంది. కొన్ని చాలక కణాలు చనిపోయాక వాటి కింది పోగులు అనాథలవుతాయి. అప్పుడు పక్కన బతికి ఉన్న కణం తన తీగ చివర్ల నుంచి కొత్త కొమ్మలు వేస్తుంది. ఆ అనాథ పోగులను కూడా తన కిందికి తెచ్చుకుంటుంది. పక్కూరి స్టేషన్ మాస్టరు రెండు మూడు స్టేషన్లు చూసుకున్నట్టన్నమాట! ఈ సర్దుబాటు ఎంత గట్టిదంటే, ఒక కండరానికి చెందిన కణాల్లో దాదాపు సగం పోయినా పైకి బలహీనత కనిపించకపోవచ్చు.

అన్న ఆ బలంతోనే చదువుకున్నాడు. క్యాలిపర్‌తోనే ఉద్యోగం చేశాడు. మోండా మార్కెట్ నుంచి రెండు సంచుల కూరగాయలు మోసుకొచ్చేవాడు. వాడి ఎడమకాలు ఇనుప కడ్డీ అని మేమనేవాళ్లం.

నలభై దాటాక ఆ ఇనుప కడ్డీ వంగడం మొదలైంది. మెట్లెక్కితే ఎడమకాలు వణికేది. సాయంత్రానికి ఒళ్లంతా నీరసం. నిద్రలో పిక్కలు పట్టేసేవి. 'బద్ధకం' అన్నారు ఇంట్లోవాళ్లు. 'వయసు' అన్నాడు ఒక డాక్టరు. 'వ్యాయామం చెయ్యి, ఇంకా గట్టిగా చెయ్యి' అన్నాడు మరొకాయన. చేసినకొద్దీ నీరసం పెరిగింది. చివరికి ఒక నాడీ వైద్యుడు చిన్నప్పటి జ్వరం గురించి అడిగి, పరీక్షలు చేయించి, దానికో పేరుందని చెప్పాడు. పోస్ట్ పోలియో సిండ్రోమ్.

వైరస్ తిరిగొచ్చిందని కాదు. ఇది ఎవరికీ అంటదు. బాగుందనుకున్న ఎడమకాలిలోనూ చిన్నప్పుడు కొన్ని కణాలు పోయే ఉంటాయి. మిగిలినవి దశాబ్దాల పాటు రెట్టింపు, అంతకుమించి బరువు మోశాయి. ఇప్పుడవి అలసిపోయి, అదనంగా వేసిన కొమ్మలను ఒక్కొక్కటే వదిలేస్తున్నాయి. పోలియో వచ్చి తగ్గిన 15 నుంచి 40 ఏళ్ల తర్వాత ఇలా కావచ్చు. ప్రతి 100 మంది పోలియో బాధితుల్లో 25 నుంచి 40 మందికి వస్తుందని అంచనా. మన దేశంలో 1980లలో ఏటా దాదాపు 2 లక్షల మంది పిల్లలకు పోలియో వచ్చేదని చెబుతారు. ఆ పిల్లలందరికీ ఇప్పుడు నలభయ్యో, నలభై అయిదో! ఆ బెడద ఎంతమంది ముంగిట్లో ఉందో ఆలోచించండి.

దీనికి మందు లేదు. కానీ చేయగలిగింది ఉంది. ఒంట్లో శక్తిని జీతం డబ్బులా చూసి ఖర్చుపెట్టుకోవాలి. అలసట రాకముందే కూర్చోవాలి. ఒళ్లు విరుచుకునే వ్యాయామం కాకుండా ఫిజియోథెరపిస్టు చెప్పినంతే చేయాలి. బరువు పెరగకూడదు. కర్రో, చక్రాల కుర్చీయో అవసరమైతే నామోషీ పడకూడదు. నీరసానికి థైరాయిడ్, రక్తహీనత లాంటి వేరే కారణాలు లేవని ముందుగా తేల్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లోవాళ్లు 'బద్ధకం' అనడం మానాలి.

మురుగునీటిలో దొరికిన శత్రువు

మళ్లీ 2016కి వద్దాం. ఎప్పుడూ చుక్కలు వేసేవాళ్లు ఆ ఏడాది సూదితో ఎందుకొచ్చారు?

మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో వచ్చింది. 2014 మార్చి 27న మన ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించారు. 1995 నుంచి ఆదివారం ఆదివారం బూత్ పెట్టి 'రెండు చుక్కలు' వేసిన లక్షలాది మంది కష్టం అది.

అయితే చుక్కల మందులో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. అది పిల్లల పేగుల్లో పెరిగి, మలంతో బయటికి వస్తుంది. టీకాలు సరిగా అందని చోట్ల ఒకరి నుంచి ఒకరికి చాలాకాలం తిరిగితే, అరుదుగా అది మారిపోయి మళ్లీ కాటేసే శక్తి తెచ్చుకుంటుంది. వైరస్‌లో మూడు రకాలుంటే, రెండో రకంతోనే ఈ బెడద ఎక్కువ. సహజమైన రెండో రకం 1999 తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనిపించలేదు. అందుకే 2016 ఏప్రిల్ 25న మన దేశం రెండో రకాన్ని తీసేసిన చుక్కల మందుకు మారింది.

ఆ మార్పు జరిగిన కొద్ది వారాలకే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ దగ్గరి మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ కనబడిందని పత్రికల్లో వచ్చింది. ఏ బిడ్డకూ జబ్బు రాలేదు. అయినా ప్రభుత్వం ఆగలేదు. జూన్ 20 నుంచి వారం పాటు హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో ముప్పు ఎక్కువగా ఉన్న బస్తీల్లో, ఆరు వారాల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు సుమారు 3 లక్షల మందికి నిర్జీవ వైరస్ టీకా వేయాలని నిర్ణయించింది. రెండు లక్షల డోసులను జెనీవా నుంచి విమానంలో తెప్పించారు.

ఆ టీకా ప్రపంచమంతటా కరువుగా ఉంది. అందుకని మామూలు డోసు అర మిల్లీలీటరులో అయిదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు, కండరంలోకి కాకుండా చర్మం పొరలో వేశారు. చర్మంలో వ్యాధినిరోధక కణాలు ఎక్కువ కాబట్టి ఆ కాస్తే చాలా పనిచేస్తుంది.

అన్నకు ఈ సంగతి చెప్పగానే తల్లి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. 'అమ్మా, ఈ సూది కండలకు పోదే. తోలు మీదనే. లోపల వైరస్ కూడా సచ్చినదే. పిల్లకు జరం కూడా లేదు' అన్నాడు. పెద్దమ్మ మాట్లాడలేదు. గడప దగ్గర్నుంచి మాత్రం పక్కకు జరిగింది. అన్న క్యాలిపర్ బిగించుకుని మనవరాలితో ఆటో ఎక్కాడు. నేనూ వెంట వెళ్లాను. పిల్ల ఒక్క క్షణం కేర్‌మంది. మోచేతికి పైన పెసరగింజంత పొక్కు లేచింది. ఇంటికొచ్చాక పెద్దమ్మ ఆ రాత్రంతా పిల్ల రెండు కాళ్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మీ ఇంట్లో పసిపిల్లలుంటే

ఇప్పుడు ఆ చర్మపు సూది మామూలు టీకాల పట్టికలోనే ఉంది. ఆరో వారం, పద్నాలుగో వారం, 2023 నుంచి తొమ్మిదో నెలలో కూడా. చుక్కలు పుట్టగానే, ఆరు, పది, పద్నాలుగు వారాలకు, మళ్లీ ఏడాదిన్నర ప్రాంతంలో. పోలియో పోయింది కదా అని ఏ ఒక్కటీ మానకండి. పాకిస్థాన్, అఫ్గానిస్థాన్‌లలో సహజ వైరస్ ఇంకా ఉంది.

జ్వరం రాగానే 'సూది వెయ్యండి డాక్టర్' అని మీరే అడగకండి. పిల్లల జ్వరాల్లో ఎక్కువ భాగం నోటి మందుతో తగ్గేవే. పదిహేనేళ్ల లోపు పిల్లలకు కాలో చెయ్యో ఉన్నట్టుండి మెత్తబడితే వెంటనే ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించండి. పద్నాలుగు రోజుల లోపల మలం నమూనాలు రెండు తీసి పరీక్షిస్తారు. మన దేశం పోలియోను పట్టుకున్నది ఈ పరీక్షతోనే.

చాలక కణాలకు పోలియో ఒక్కటే శత్రువు కాదు. 1970లో మద్రాసు వైద్యులు దక్షిణాది యువకుల్లో చేతులు కాళ్లు సన్నబడి, వినికిడి తగ్గే జబ్బును గుర్తిస్తే దానికి 'మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్' అనే పేరు వచ్చింది. పసిపిల్లల్లో జన్యులోపం వల్ల ఇవే కణాలు రాలిపోయే జబ్బు ఎస్ఎంఏ. దాని మందు సీసా 6 లక్షల రూపాయలకు పైగా ఉండేది. 2025లో కోర్టుల్లో గెలిచాక హైదరాబాద్‌కు చెందిన నాట్కో అదే మందును 15,900 రూపాయలకు తెచ్చింది. వాటి గురించి ఇంకో ఆదివారం చెప్పుకుందాం.

ఎలుకల మీద చేసిన ఆ పరీక్ష సంగతి పెద్దమ్మకు చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. సూదికి సంబంధం లేదని అబద్ధం చెబితే ఆమె నమ్మదు. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. జబ్బు ముందే లోపలుందని, సూది దానికి దారి చూపించి ఉండొచ్చని, ఆ రోజు అది ఎవరికీ తెలిసే వీలు లేదని.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది. 'అయితే ఆ డాక్టరుకు కూడా తెల్వదా?'

తెలియదన్నాను.

'పాపం, ఆయనను యాభై ఏండ్లు తిట్టిన' అంది. తనను తాను తిట్టుకున్న మాట మాత్రం ఎత్తలేదు. ఎదురు మంచం మీద అన్న పేపరు చదువుతున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: 'ఇగ ఇద్దర్నీ ఇడిసిపెట్టు అమ్మా.'